బొబ్బిలి నుంచి బందరు దాకా: శ్రీకాకుళం సర్కారులో ఫ్రెంచి, ఇంగ్లీషు కంపెనీల లెక్కలు (1753–1759)

పద్దెనిమిదో శతాబ్దం నడుమ నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేల మీద రెండు తగాదాలు పెనవేసుకుని నడిచాయి. ఒకటి విజయనగరం పూసపాటి రాజులకూ బొబ్బిలి వెలమ దొరలకూ మధ్య సరిహద్దుల గురించి, వాగుల నీళ్ల గురించి తరాలుగా వస్తున్న వైరం. రెండోది ఫ్రాన్సు, ఇంగ్లండుల పోరు. యూరపులోను, ఉత్తర అమెరికాలోను, సముద్రాల మీదా 1756 నుంచి 1763 వరకు సాగిన సప్తవర్ష సంగ్రామానికి అది తూర్పు కొస. బొబ్బిలి యుద్ధం (1757 జనవరి 24), విశాఖపట్నం ఇంగ్లీషు స్థావరం పతనం (1757 జూన్), చందుర్తి యుద్ధం (1758 డిసెంబరు), బందరు కోట ముట్టడి (1759 మార్చి–ఏప్రిల్) ఈ కాలపు ముఖ్య ఘట్టాలు.

తెలుగువారి జ్ఞాపకంలో వీటిలో మొదటిదే నిలిచింది. పెద్దాడ మల్లేశం పేరుతో ప్రచారమైన బొబ్బిలి కథ, దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రము, 1964లో వచ్చిన బొబ్బిలి యుద్ధం చిత్రం దాన్ని ఇంటింటి కథ చేశాయి. అంత నెత్తురు పారిన కోటకు ఆ గౌరవం దక్కవలసిందే. అయితే ఆ కోట ముందు ఫ్రెంచి ఫిరంగులు ఎందుకు నిలిచాయో, రెండేళ్లు తిరక్కుండానే అదే విజయనగరం సేన ఇంగ్లీషువారి పక్కన నడిచి ఫ్రెంచివారి మీద ఎందుకు పడిందో తెలియాలంటే కథను పుదుచ్చేరి, కలకత్తా, హైదరాబాదుల వైపు నుంచి కూడా చూడాలి.

సర్కారు, దాని రాబడి

గోల్కొండ కాలం నుంచి శ్రీకాకుళం ఫౌజుదారు కొలువున్న ఊరు. నాగావళి ఒడ్డున షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఆనాటి గుర్తు. రికార్డుల్లో చికాకోలుగా కనిపించే ఈ సర్కారు ఉత్తరాన గంజాం వైపు సాగింది. దానికి దక్షిణాన రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరం (కొండపల్లి), ముర్తజానగరం (కొండవీడు, గుంటూరు) సర్కార్లు. అయిదూ కలిపి ఉత్తర సర్కార్లు.

పేరుకు ఇదంతా హైదరాబాదు నిజాముది. పన్ను మాత్రం రైతు నుంచి జమీందారుకు, జమీందారు నుంచి ఫౌజుదారుకు చేరాలి. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి సంస్థానాలకు సొంత కోటలు, సొంత సేనలు ఉన్నాయి. కొండల మీది అడ్డదారులు వాళ్లకే తెలుసు. ఫౌజుదారు బలంగా ఉంటే పేష్కష్ (కప్పం) అందేది, బలహీనపడితే బకాయి పడేది. బయటి నుంచి ఎవరు వచ్చినా ఈ జమీందార్లలో ఒకరినైనా తోడు తెచ్చుకోనిదే రూపాయి రాలదు. తరువాతి ఆరేళ్ల కథకు మూలం ఇదే.

ఫ్రెంచివారి చేతికి సర్కార్లు

1748లో నిజాముల్ముల్క్ మరణించాక హైదరాబాదు గద్దె కోసం వారసులు కొట్టుకున్నారు. నాసిర్ జంగు 1750 డిసెంబరులో, ముజఫర్ జంగు 1751 ఫిబ్రవరిలో హతులయ్యారు. ముజఫర్ జంగు వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగును గద్దె మీద కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి ఫ్రెంచి దండు దక్కన్‌లోనే మకాం పెట్టింది. ఆ దండును పోషించడం నిజాము బాధ్యత. 1753లో బుస్సీ అనారోగ్యంతో దూరంగా ఉన్నప్పుడు జీతాలు నిలిచిపోయాయి. దివాను సయ్యద్ లష్కర్ ఖాన్ ఆ దండును చెదరగొట్టి వదిలించుకోవాలని చూశాడు. బుస్సీ తిరిగి వచ్చి ఒకటే పట్టు పట్టాడు: నెలనెలా ఖజానా ముందు చేయి చాచే పని ఇక వద్దు, జీతాలకు సరిపడే జిల్లాలు మా పేర రాయండి.

ఆ ఏడాది చివర శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరం సర్కార్లు ఆ విధంగా ఫ్రెంచివారికి దఖలు పడ్డాయి. బందరు పరిసరాలు, కొండవీడు అంతకు ముందే వారి చేతిలో ఉన్నాయి. వీటి వార్షిక రాబడిని ఆ కాలపు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ లెక్క కట్టి ఇచ్చాడు: నాలుగు సర్కార్లకు 31 లక్షల రూపాయలు, కొండవీడు, బందరు కలిపితే మొత్తం 42 లక్షల 87 వేలు. తీరం పొడవునా ఓడరేవులు ఉన్నా, బుస్సీని మొదట ఆకర్షించింది ఈ అంకెలే. శ్రీకాకుళం రైతు కట్టే శిస్తు హైదరాబాదులో సిపాయి జీతం అయింది. నిజాము దర్బారులో ఫ్రెంచి మాట చెల్లుబాటు కావడానికి ఇక్కడి వరి పంట పెట్టుబడి.

సనదు చేతికొచ్చినా సర్కారు చేతికి రాలేదు. ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ అప్పగించడానికి నిరాకరించాడు. విజయనగరం అధిపతి పెద విజయరామరాజు మొదట అతని పక్షానే ఉన్నాడు. బందరు ఫ్రెంచి అధిపతి మొరసాఁ అప్పుడు ఆయనకు కబురు పెట్టి, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను తక్కువ మొత్తానికి గుత్తకు ఇస్తానన్నాడు. రాజు ఇటు తిరిగాడు. ఒంటరివాడైన జాఫర్ అలీ నాగపూరు వెళ్లి మరాఠా భోంస్లేను పిలుచుకొచ్చాడు. మరాఠా గుర్రపు దండు ఊళ్లు దోచుకుని, దోచినదాన్ని మూటగట్టుకుని వెళ్లిపోయింది. ఈ పిలుపులన్నిటి ఖర్చు రైతు నెత్తిన పడింది. దస్త్రాల్లో ఒక వాక్యంతో దాటిపోయే ఆ ఏడు పల్లెలకు ఎలా గడిచిందో ఊహించుకోవలసిందే.

సర్కార్ల రాబడిని అప్పటి యూరపు కంపెనీల యాజమాన్యాలు చూసిన తీరు వేరు. ఫ్రెంచి కంపెనీ తరఫున పారిస్ నుంచి 1754లో వచ్చిన గోడెహ్యూ, పుదుచ్చేరి గవర్నరు డూప్లేని ఇంటికి పంపి, ఇంగ్లీషువారితో తాత్కాలిక సంధి చేసుకున్నాడు. వాటాదార్లకు కావలసింది బట్టల ఓడలు, లాభం. దక్కన్ నవాబుల తగవుల్లో డబ్బు పోయడం వాళ్లకు నచ్చలేదు. ఆ సంధికి ఆమోదం రాకముందే యూరపులో యుద్ధం మొదలైంది. బుస్సీ, ఉత్తర సర్కార్లు మళ్లీ అవసరమయ్యాయి.

బొబ్బిలి: బుస్సీ చేసుకున్న ఎంపిక

1756 మే నెలలో సలాబత్ జంగు దర్బారు బుస్సీని కొలువు నుంచి తొలగించింది. ఆయన హైదరాబాదు చేరి చార్‌మహల్ తోటలో మకాం పటిష్ఠం చేసుకుని, సాయం వచ్చేదాకా నెలల తరబడి నిలదొక్కుకున్నాడు. ఫ్రెంచివారి పని అయిపోయిందని అందరూ అనుకున్న రోజులవి. శ్రీకాకుళం ఫౌజుదారు ఇబ్రహీం ఖాన్ వాళ్లే నియమించినవాడు. అతనూ ఎదురు తిరిగాడు. విజయరామరాజు మాత్రం మాట తప్పలేదు.

ఆ ఏడాది నవంబరులో బుస్సీ దాదాపు 500 మంది యూరోపియన్లు, 4,000 మంది సిపాయిలతో హైదరాబాదు నుంచి బయల్దేరి డిసెంబరులో రాజమండ్రి చేరాడు. విజయరామరాజు సుమారు 10,000 మందితో వచ్చి కలిశాడు. తన విశ్వాసానికి ప్రతిఫలంగా ఆయన అడిగింది ఒకటే, బొబ్బిలి దొర రంగారావును ఆ చోటి నుంచి తొలగించడం.

ఇక్కడ కథనాలు రెండుగా చీలతాయి. ఆర్మ్ ప్రకారం బొబ్బిలివారు విజయనగరం పొలాలకు పారే వాగుల నీళ్లు మళ్లించుకునేవారు. రంగారావు బొబ్బిలి వదిలితే మరోచోట అంతకంటే పెద్ద భూమి ఇస్తానని బుస్సీ చెప్పి పంపాడు. ఈలోగా బొబ్బిలి అడవిదారిన పోతున్న ఫ్రెంచి సిపాయిల చిన్న దళం మీద దాడి జరిగి పలువురు చనిపోయారు. దాంతో బుస్సీ మనసు గట్టిపడింది. బొబ్బిలి వైపు కథనంలో దోషి బుస్సీ దివాను హైదర్ జంగు. విజయనగరం లంచం తిని, రంగారావు మీద లేనిపోనివి చెప్పి దొర చెవులు నింపాడని వాళ్ల మాట. రెండిటిలో ఏది ఎంత నిజమైనా, తేల్చి చెప్పింది లెక్కే అని నా అభిప్రాయం. ఒక పక్క రెండు సర్కార్ల గుత్తదారు, పది వేల మంది సేన, కష్టకాలంలో నిలిచిన మనిషి. ఇంకో పక్క ఒక చిన్న సంస్థానం. బుస్సీకి శిస్తు వసూలు త్వరగా తేలాలి, ఎందుకంటే బెంగాలు వైపు ఇంకా పెద్ద పని కాచుకుని ఉంది. పూర్వీకుల కోటను వదలమనడం వెలమ దొరకు ఎలాంటి అవమానమో తూచే తక్కెడ ఆయన దగ్గర లేదు.

1757 జనవరి 24 తెల్లవారుజామున ఫిరంగులు పేలాయి. కోట బురుజులు చిన్నవి, గోడలు మట్టివి. లోపలివాళ్లు ఎక్కే నిచ్చెనలనల్లా తోసివేస్తూ మధ్యాహ్నం దాకా పోరాడారు. ఓటమి ఖాయమని తెలిశాక రంగారావు ఆజ్ఞ మీద ఆడవాళ్లనూ పిల్లలనూ చంపి, మగవాళ్లు తుదిదాకా పోరి చచ్చారు. రంగారావు పసికొడుకు ఒక్కడు బతికి బయటపడ్డాడు. కోటలోకి వెళ్లిన ఫ్రెంచివారు చూసిన దృశ్యం వాళ్లనూ కలచివేసిందని ఆర్మ్ రాశాడు. మూడు రాత్రుల తర్వాత రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడు శత్రు శిబిరంలోకి చొరబడి, గుడారంలో నిద్రిస్తున్న విజయరామరాజును పొడిచి చంపి, అక్కడే నేలకొరిగాడు.

బుస్సీ కోణంలోంచి ఆ వారాన్ని చూస్తే ఫలితం ఇది: ఏ మిత్రుడి కోసం కోటను నేలమట్టం చేశాడో ఆ మిత్రుడే పోయాడు. ఉత్తర సర్కార్లలో ఫ్రెంచి అధికారం ఆధారపడిన ఒకే ఒక్క మనిషి చనిపోయాడు. వారసుడుగా వచ్చిన ఆనంద గజపతిరాజుకు బుస్సీ మీద పాత కృతజ్ఞత ఏదీ లేదు.

గంజాం హద్దుల్లో నిరీక్షణ

బొబ్బిలి తర్వాత బుస్సీ ఉత్తరంగా గంజాం వైపు కదిలాడు. జమీందార్ల బకాయిలు రాబట్టడం కనిపించే కారణం. అసలు కన్ను బెంగాలు మీద. 1757 ఆరంభంలో కలకత్తాను తిరిగి పట్టుకున్న ఇంగ్లీషు సేనాని క్లైవు ఫ్రెంచివారి చంద్రనగర్ మీదికి రాబోతున్నాడు. బెంగాలు నవాబు సిరాజుద్దౌలా సాయానికి రమ్మని బుస్సీకి కబుర్లు పంపాడు. మార్చి 23న చంద్రనగర్ పడిపోయిందన్న వార్త అందాక బుస్సీ ముందుకు వెళ్లలేదు. బెంగాలులో నిలవడానికి స్థావరం పోయింది, వెనక హైదరాబాదులో దర్బారు ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియదు. ఆ దండు గంజాం నుంచి కటకం మీదుగా వెళ్లి ఉంటే ప్లాసీ కథ మరోలా ఉండేదని ఊహించినవారు ఉన్నారు. దూరాన్ని, నదులను, జీతాల బాకీని చూస్తే బుస్సీ ఆగడం అర్థమవుతుంది.

తిరుగుదారిలో ఆయన తీరంలోని ఇంగ్లీషు వర్తక స్థావరాలను ఒక్కొక్కటే పట్టుకున్నాడు. ఇంజరం, మాధవాయపాలెం, బండమూర్లంక పోయాయి. విశాఖపట్నం జూన్ నెలలో లొంగింది. ప్లాసీలో క్లైవు గెలిచింది కూడా అదే నెల 23న. గోదావరి నుంచి గంజాం దాకా తీరమంతా ఫ్రెంచివారిదై, బెంగాలు అంతా ఇంగ్లీషువారిదైన ఆ జూన్‌లో రెండు కంపెనీలకు మధ్య మిగిలిన అడ్డు ఒరిస్సా మాత్రమే.

లాలీ వచ్చాక

1758 ఏప్రిల్ చివర ఫ్రెంచి రాజు పంపిన సేనాధిపతి లాలీ పుదుచ్చేరిలో దిగాడు. జూన్ నాటికి సెయింట్ డేవిడ్ కోట పట్టుకున్నాడు. తరువాతి గురి మద్రాసు. ఆయన దృష్టిలో యుద్ధమంటే ఇంగ్లీషువారిని ఈ దేశం నుంచి వెళ్లగొట్టడం. దక్కన్ గద్దె మీద అన్న కూర్చున్నా తమ్ముడు కూర్చున్నా ఆయనకు ఒకటే. బుస్సీని, బందరు నుంచి మొరసాఁని వెనక్కి రమ్మన్నాడు. సర్కార్లను కాంఫ్లాఁ అనే కొత్త అధికారికి అప్పగించారు. దక్కన్‌ను వదిలితే అంతా పోతుందని బుస్సీ రాసిన ఉత్తరాలు పని చేయలేదు.

లాలీని మూర్ఖుడని కొట్టిపారేయడం సులువు. తన చేతిలో ఉన్న కొద్ది సేనను ఒకేచోట ప్రయోగించాలన్నది సైనికుడి ఆలోచన, అందులో తప్పు లేదు. అయితే మద్రాసు ముట్టడికి కావలసిన డబ్బు ఉత్తర సర్కార్ల నుంచే రావాలి. ఆ డబ్బు రాబట్టే మనిషిని అక్కడి నుంచి లాగేశాడు. ముట్టడి దళం జీతాల కోసం కటకటలాడుతూనే మద్రాసు ముందు నిలిచింది.

ఆనందరాజు బేరం

విజయనగరంలో ఈ కదలికలను ఒక మనిషి జాగ్రత్తగా చూస్తున్నాడు. ముందటి రాజుకు దక్కిన గుత్తలు, గౌరవం తనకు దక్కలేదన్నది ఆనందరాజు అసంతృప్తి. బుస్సీ దక్షిణానికి వెళ్లగానే ఆయన విశాఖపట్నం మీద పడి, ఫ్రెంచి అధికారిని బంధించి, ఇంగ్లీషు జెండా ఎగరేశాడు. మద్రాసుకు కబురు పంపాడు: దండు పంపండి, ఫ్రెంచివారిని సర్కార్ల నుంచి కలిసి తరుముదాం. లాలీ ముట్టడికి భయపడుతున్న మద్రాసు తన మనుషులను వదులుకోలేకపోయింది. అదే కబురు కలకత్తాకు వెళ్లింది.

కలకత్తా కౌన్సిలులో ఎక్కువమంది వద్దన్నారు. బెంగాలు కొత్త నవాబు మీర్ జాఫర్ గద్దె ఇంకా కుదురుకోలేదు, ఢిల్లీ యువరాజు బీహారు మీదికి రావచ్చు, బెంగాలులోనే సేన చాలదు. క్లైవు వాళ్ల మాట పక్కన పెట్టాడు. ఆయన ఆలోచనలో మూడు పొరలు కనిపిస్తాయి. సర్కార్ల మీద దెబ్బ కొడితే లాలీకి డబ్బు ఆగుతుంది, మద్రాసు మీద ఒత్తిడి తగ్గుతుంది. హైదరాబాదులో ఫ్రెంచి పలుకుబడి వేళ్లు తెగుతాయి. ఇక మూడోది, మద్రాసుకే నేరుగా సేన పంపితే అక్కడివాళ్లు దాన్ని తిరిగి పంపరన్న అనుమానం. విశాఖకు పంపితే అది కలకత్తా ఆజ్ఞ కిందే ఉంటుంది. విజయనగరం రాజు కష్టసుఖాలు ఈ మూడింటిలో ఎక్కడా లేవు.

కర్నల్ ఫోర్డ్ 500 మంది యూరోపియన్లు, 2,000 మంది సిపాయిలతో 1758 అక్టోబరులో విశాఖలో దిగాడు. నవంబరులో కశింకోట దగ్గర రాజుతో కలిశాడు. కుదిరిన ఒప్పందం ఇద్దరి మనసులనూ బయటపెడుతుంది. దోపిడి సొమ్ము చెరిసగం. గెలిచిన భూమి రాజుకు, వసూళ్లు ఆయనవి. ఓడరేవులు, నదీముఖాల ఊళ్లు, వాటికి చేరిన పరగణాలు కంపెనీకి. ఒకరికి తెలియకుండా మరొకరు సంధి చేసుకోరాదు. దండు ఖర్చుకు నెలకు 50,000 రూపాయలు, అధికారుల భత్యాలకు 6,000 రాజు ఇవ్వాలి. ఇంగ్లీషువారు సముద్రపు అంచును ఉంచుకుని లోతట్టు నేలను రాజుకు వదిలారు. తమ యుద్ధానికి ఖర్చు స్థానికుడి చేతే పెట్టించుకున్నారు. బుస్సీ నిజాము చేత చేయించిందీ ఇదే పని.

చందుర్తి

పిఠాపురానికి దగ్గరగా, నేటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలో ఉన్న చందుర్తి దగ్గర డిసెంబరు రెండో వారంలో రెండు సేనలు తలపడ్డాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇది కాండోర్ యుద్ధం. కాంఫ్లాఁ వైపు సుమారు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు, 30కి పైగా ఫిరంగులు. ఫోర్డ్ వైపు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు, ఆరు ఫిరంగులు, ఆనందరాజు పంపిన 5,000 మంది కాల్బలం, 500 గుర్రాలు.

యుద్ధాన్ని నిర్ణయించింది ఒక చొక్కా రంగు. బెంగాలు సిపాయిలకు ఎర్ర దుస్తులు ఇవ్వడం అప్పటికి కొత్త. ఫ్రెంచి దళం ఆ ఎరుపు చూసి వాళ్లే ఇంగ్లీషు పటాలమనుకుని తన బలమంతా అటు మళ్లించింది. అసలు పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉంది. సిపాయిలను తరుముతూ ముందుకు వచ్చిన ఫ్రెంచి వరుస పక్కకు అది తిరిగి కాల్పులు జరిపింది. కాంఫ్లాఁ శిబిరం, ఫిరంగులు వదిలి రాజమండ్రికి, అక్కడి నుంచి బందరుకు పరుగుతీశాడు.

గెలిచాక మిత్రుల మధ్య గొడవ మొదలైంది. ఒప్పుకున్న సొమ్ము ఆనందరాజు ఇవ్వలేదు. డబ్బు లేక ఫోర్డ్ వారాల తరబడి కదలలేకపోయాడు. విశాఖ ఇంగ్లీషు అధిపతి ఆండ్రూస్ నడుమ పడి షరతులు మార్చాడు: రాజు ఇచ్చేది అప్పుగా లెక్క, గెలిచిన ప్రాంతాల రాబడి చెరిసగం. ఆంగ్ల రచయితలు దీన్ని రాజు లోభమని, యుద్ధంలో ఆయన మనుషులు వెనకాడారని విమర్శించారు. వాళ్ల విమర్శలో వాళ్ల బాధ ఉంది. రాజు వైపు నుంచి చూస్తే, తనకు కావలసిన రాజమండ్రి దారి తెరుచుకుంది, బందరు కోట మాత్రం కంపెనీకి దక్కే సొత్తు. దాని కోసం తన ఖజానా ఎందుకు ఖాళీ చేయాలి? పరదేశి సేనను అద్దెకు తెచ్చుకున్న ప్రతి రాజూ అడగవలసిన ప్రశ్న అది, ఆనందరాజు అడిగాడు. ఆ బేరం సాగినంత కాలమే అతనికి విలువ అని అప్పటికి అతనికీ తెలిసే అవకాశం లేదు.

బందరు కోట, సలాబత్ జంగు లెక్క

1759 మార్చి మొదట్లో ఫోర్డ్ బందరు చేరాడు. ఫిబ్రవరిలోనే లాలీ మద్రాసు ముట్టడి ఎత్తేశాడు. అయినా ఫోర్డ్‌కు పరిస్థితి మెరుగ్గా లేదు. జీతాలు, కొల్లసొమ్ము వాటాల కోసం సొంత సోల్జర్లే తిరగబడ్డారు. ఫ్రెంచివారి పిలుపు మీద సలాబత్ జంగు పెద్ద దండుతో బెజవాడ దాకా వచ్చాడు. ఆ వార్త విని ఆనందరాజు ఇంటిదారి పట్టే ప్రయత్నంలో పడ్డాడు. ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ చిత్తడి నేల మీదుగా కోట మీదికి దూకాడు. తెల్లవారేసరికి కోట పడిపోయింది. ఖైదీలుగా చిక్కినవాళ్లు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ. వారం గడిచాక మొరసాఁ సాయం దళంతో ఓడల్లో వచ్చి, తీరం మీద వేరే జెండా చూసి, గంజాం వైపు వెళ్లిపోయాడు. పర్లాకిమిడి రాజు నారాయణదేవును కలుపుకోవాలన్న ఆయన ప్రయత్నం ఫలించలేదు.

ఇక సలాబత్ జంగు. కొద్ది మైళ్ల దూరంలో అంత సేనతో ఉండి ఆయన యుద్ధం చేయలేదు. తమ్ముడు నిజాం అలీ హైదరాబాదు వైపు కదులుతున్నాడని తెలిసింది. ఓడిన ఫ్రెంచివారి కోసం తన గద్దె పణంగా పెట్టడం కంటే గెలిచినవారితో రాజీ మేలనుకున్నాడు. మే 14న కుదిరిన ఒప్పందంతో బందరు, దాని చుట్టూ ఎనిమిది జిల్లాలు, నిజాంపట్నం, కొండవీడు, వాకల్‌మన్నారు ఇంగ్లీషు కంపెనీకి ఇనాముగా దక్కాయి. ఫ్రెంచివారిని కృష్ణ దాటించాలి, మళ్లీ రానివ్వకూడదు. ఆనందరాజు ఆ ఏడు వసూలు చేసుకున్నదానికి లెక్క అడగరాదు, ఇకపై తాత తండ్రుల కాలపు మామూలు ప్రకారం కట్టుకోవాలి. రాజుకు దక్కింది అంతే. కశింకోటలో రాసుకున్న సర్కార్ల కల ఆ వాక్యంలో ముగిసింది. తమ్ముడి మీద సాయం కావాలని సలాబత్ జంగు అడిగితే ఫోర్డ్ ఒప్పుకోలేదు. బెంగాలుకు తిరిగి వెళ్లి ఆ నవంబరులోనే చిన్సురా దగ్గర డచ్చివారిని ఓడించాడు. ఆనందరాజు 1760లో రాజమండ్రిలో మశూచితో చనిపోయాడు.

ఒక్కరే మిగిలాక

1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి జరిగింది. 1749 తర్వాత కోరమాండల్, ఒరిస్సా తీరాల్లో సంపాదించినదాని మీద ఫ్రాన్సు హక్కు వదులుకుంది. యానాం వంటి పాత వర్తక స్థావరాలు తిరిగి దక్కాయి. సలాబత్ జంగే దక్కన్‌కు న్యాయమైన సుబేదారు అని రెండు రాజ్యాలూ అదే పత్రంలో అంగీకరించాయి. అంతకు ముందే తమ్ముడు ఆయనను దించి బీదరు కోటలో ఖైదు చేశాడు. సంతకాలు చేసినవారికి ఈ ప్రాంతం ఎంత దూరమో ఆ ఒక్క షరతు చెబుతుంది.

1765 ఆగస్టులో క్లైవు మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి ఉత్తర సర్కార్లకు ఫర్మానా రాయించుకున్నాడు. నిజాం అలీ కోపగించాడు. 1766 నవంబరులో కంపెనీ ఏడాదికి తొమ్మిది లక్షల దాకా పేష్కష్ కడతానని ఒప్పుకుని ఆయనను శాంతింపజేసింది, గుంటూరు సర్కారు మాత్రం నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగు బతికినంత కాలం ఆయనకే వదిలింది. అది 1788లో చేతికి వచ్చింది.

ఫ్రెంచివారు పోవడంతో జమీందార్లకు బేరమాడేందుకు రెండో గడప లేకుండా పోయింది. నారాయణదేవు 1768లో జలుమూరు దగ్గర కంపెనీ సేన చేతిలో ఓడాడు. విజయనగరం ఇంకొంత కాలం నిలిచింది. ఆనందరాజు దత్తపుత్రుడు చిన విజయరామరాజు పేర అన్న సీతారామరాజు దివానుగా పెత్తనం చేస్తూ కొండ జమీందార్లను అణచి, కంపెనీకి శిస్తు చెల్లిస్తూ, దాని అండతో ఎదిగాడు. కొండలు అణగిపోయాక అంత పెద్ద సేన గల జమీందారు కంపెనీకి బరువనిపించాడు. సేనను తగ్గించమన్నారు, పేష్కష్ పెంచారు, బకాయి కింద 1793లో సంస్థానాన్ని జప్తు చేశారు. ఊరు విడిచి బందరు వెళ్లి భరణం మీద బతకమంటే విజయరామరాజు ఒప్పుకోక పద్మనాభం చేరాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దళంతో జరిగిన పోరులో తన బంధుజనంతో కలిసి అక్కడే ప్రాణం విడిచాడు. ముప్పై ఆరేళ్ల కిందట ఇదే సంస్థానం విశాఖలో ఇంగ్లీషు జెండా ఎత్తిన సంగతి మద్రాసు దొరలకు గుర్తున్నా అది లెక్కలోకి రాలేదు. కొడుకు నారాయణరాజు కొండల్లోకి తప్పించుకుని, తరువాత తగ్గిన హద్దులతో సంస్థానం తిరిగి పొందాడు. బొబ్బిలి కోట నుంచి బతికి బయటపడిన చిన రంగారావుకు బొబ్బిలి జమీను కంపెనీ తిరిగి ఇచ్చిందీ ఆ 1794లోనే. 1802 శాశ్వత శిస్తు బందోబస్తుతో రెండూ కంపెనీకి పన్ను కట్టే జమీందారీలుగా స్థిరపడ్డాయి.

ఫ్రాన్సు నీడ చివరిసారి 1804 సెప్టెంబరు 15న కనిపించింది. అడ్మిరల్ లినోవా మూడు యుద్ధనౌకలతో విశాఖ రేవులోకి వచ్చి, సెంచూరియన్ అనే ఇంగ్లీషు నౌక మీద కాల్పులు జరిపి, ఒక వర్తక నౌకను పట్టుకుపోయాడు. ఒడ్డున ఉన్న ఏ రాజూ ఆయనకు కబురు పంపలేదు.

నిజాముకు ఏటా కట్టే పేష్కష్ మాత్రం 1823 దాకా సాగింది. హైదరాబాదులో విలియం పామర్ కంపెనీ దగ్గర నిజాము ప్రభుత్వం తీర్చలేని అప్పు చేసింది. ఆ అప్పు తీర్చడానికి ఇంగ్లీషు కంపెనీ ఒక్కసారే పెద్ద మొత్తం ఇచ్చి, బదులుగా ఏటేటా కట్టవలసిన పేష్కష్‌ను శాశ్వతంగా రద్దు చేయించుకుంది. బుస్సీ 1753లో సిపాయిల జీతాల కింద రాయించుకున్న శ్రీకాకుళం సర్కారు మీద నిజాము హక్కు ఆ వడ్డీ వ్యాపారి బాకీ కింద చెల్లిపోయింది.